రెండో పోర్టు బిరడా

మా ల్యాబుకి కిటికీలు లేవు. జనవరిలో మిన్నెసోటాలోని ఈడెన్ ప్రెయిరీలో కిటికీ ఉన్నా కనిపించేది మంచే కాబట్టి ఎవరూ దాని గురించి బాధపడరు. మూడు ర్యాకుల్లో ఇరవై నాలుగు సర్వర్లు. వాటి ముందు నిలబడితే చలి, వెనక్కి వెళితే ఉక్క. ఫ్యాన్ల హోరులో పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గరికి రావాలి. పన్నెండు నిమిషాలు ఎవరూ కదలకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. అప్పుడు గాల్లో చెయ్యి ఊపాలి. కొత్తగా వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. రెండో వారానికి వాళ్లూ ఊపుతుంటారు.

నా పని పట్టిక నింపడం. మా కంపెనీ ఒక నెట్‌వర్క్ కార్డు చేస్తుంది. సర్వర్ వెనక గుచ్చితే సెకనుకి రెండు వందల గిగాబిట్లు అటూ ఇటూ పంపుతుంది. కేబుల్ గుచ్చే రంధ్రాన్ని పోర్టు అంటాం, వాడని పోర్టుకి దుమ్ము పట్టకుండా రబ్బరు బిరడా ఉంటుంది. దానికి ఏ సర్వర్‌తో, ఏ కేబుల్‌తో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పొంతన కుదురుతుందో చూసి గడిలో పచ్చరంగు వేయాలి. కుదరకపోతే ఎరుపు. ఇరవై నాలుగు సర్వర్లు, తొమ్మిది రకాల కేబుళ్లు, నాలుగు సిస్టమ్‌లు. మొత్తం ఎనిమిది వందల అరవై నాలుగు గడులు. ఆరు వారాల పని అన్నారు. నేను పంతొమ్మిది రోజుల్లో ఎనిమిది వందల అరవై మూడు పచ్చ చేశాను.

నా తొందర నాది. నేను కాంట్రాక్టు మనిషిని. శుక్రవారం కార్డు విడుదలైతే సోమవారం నుంచి పర్మనెంట్ చేస్తానని మా మేనేజర్ మార్లిస్ మాటిచ్చింది. పర్మనెంట్ అయితే పళ్ల ఇన్సూరెన్స్ వస్తుంది. డిసెంబరులో గడ్డకట్టిన చెరువు మీద హాకీ ఆడుతూ పై వరసలో ముందు పన్ను సగానికి విరగ్గొట్టుకున్నాను. చల్లగాలి తగిలితే నొప్పి కంటిదాకా లాగుతుంది. మిన్నెసోటాలో చల్లగాలి తగలకుండా చలికాలం గడిపే ఉపాయం ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పాలి.

గురువారం పొద్దున మార్లిస్ నా కుర్చీ వెనక నిలబడింది.

"నోలన్, ఆ ఒక్క ఎర్ర గడి నా కళ్లలో గుచ్చుకుంటోందయ్యా."

"అది ముప్ఫై ఒకటో లోపం, మార్లిస్. కర్టిస్ రాసింది."

ప్రతి కార్డుతో పాటు తెలిసిన లోపాల జాబితా ఒకటి బయటికి వెళుతుంది. దేన్నైనా బాగుచేయలేకపోతే దానికో నంబరిచ్చి, పక్కన దాని ప్రభావం, తప్పించుకునే ఉపాయం రాస్తాం. అలా రాసేశాక దాన్ని ఎవరూ లోపంగా చూడరు. మా ల్యాబులోనే పనిచేసిన కర్టిస్ బ్యోర్క్ అక్టోబరులో రాసింది ఇదీ: 'రెండో పోర్టులో కేబుల్ లేకపోయినా, బిరడా బిగించి ఉన్నా, లింక్ లైటు వెలుగుతోంది. ప్రభావం: తెలియదు. ఉపాయం: బిరడా తీయకండి.'

"బిరడా తీయకండి అట!" అంది మార్లిస్. "రెండు పోర్టుల కార్డు అమ్మి ఒకటి తెరవకండి అంటే కొనేవాడు నా మొహాన కొట్టడూ? తీసి చూడు. ఏమీ కాకపోతే 'ప్రభావం: లేదు' అని మార్చి పచ్చ వెయ్యి. పాపం, చివర్లో కర్టిస్ మనిషి మనిషిలా లేడు."

కర్టిస్ నవంబరులో పోయాడు. మా పార్కింగులోనే, తన కారులో కూర్చుని. ఊపిరితిత్తులు అన్నారు. నలభై నాలుగేళ్లు. సిగరెట్ ముట్టేవాడు కాదు.

పన్నెండున్నరకి అందరూ భోజనాలకి లేచారు. మా ల్యాబులో నాతో పనిచేసే టూ షియాంగ్ పెదాల మధ్య రెండు రబ్బరు బిరడాలు పెట్టుకుని ర్యాకు వెనక నుంచి వచ్చాడు. మేమందరం అంతే. రెండు చేతుల్లోనూ కేబుళ్లుంటాయి, బిరడా తీయడానికి మిగిలేది పళ్లే. వద్దని గోడ మీద కాగితం అంటించారు. ఆ కాగితం కూడా కర్టిసే అంటించాడు, నోట్లో బిరడా పెట్టుకుని.

"రారా, మార్లిస్ హాట్‌డిష్ తెచ్చింది," అన్నాడు టూ బిరడాలు అరచేతిలోకి ఉమ్మి. "పైన బంగాళాదుంప ముక్కలు కరకరలాడుతున్నాయి."

"కరకరలాడేవి నేనెలా తింటాన్రా? నువ్వెళ్లు. ఇదొక్కటి అవగొట్టి వస్తా."

"పర్మనెంట్ అయ్యాక మమ్మల్ని గుర్తుపడతావా, దొరా?"

"ముందు పన్ను రానీ."

నవ్వుకుంటూ వెళ్లాడు.

ఇరవై నాలుగో సర్వర్ మూడో ర్యాకులో అట్టడుగున ఉంటుంది. లైట్ల సెన్సరుకి ఆ మూల కనిపించదు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దాని వెనక నేల మీద కూర్చున్నాను. కార్డుకి రెండు పోర్టులు. మొదటిదాంట్లో కేబుల్. రెండోదాంట్లో నల్ల బిరడా, దాని పక్కన పచ్చగా లింక్ లైటు. అవతల ఏదో జతపడితేనే వెలగాల్సిన లైటు అది. అవతల రబ్బరు తప్ప ఏమీ లేదు.

లోపలికి వచ్చే ప్యాకెట్లని, అంటే డేటా ముక్కల్ని, లెక్కపెట్టే కౌంటర్ తెరిచాను. నిజంగానే ఏదో వస్తోంది. ఒకటి... నాలుగు సెకన్ల తర్వాత ఇంకొకటి. మళ్లీ నాలుగు సెకన్లు. అన్నీ ఒకే కొలత, అన్నీ ఖాళీ. నిమిషానికి పదిహేను. పది నిమిషాలు లెక్కపెట్టాను. నూట యాభై, ఒక్కటి అటూ ఇటూ లేదు. ఏ టైమరో అనుకున్నాను. మా కార్డులో నాలుగు సెకన్ల టైమర్ ఏదీ లేదని నాకు తెలుసు. అయినా అలాగే అనుకున్నాను.

లైట్లు ఆరిపోయాయి.

చెయ్యి ఊపాను. మూలలో ఉన్నాను కదా, వెలగలేదు. లేచి వెళ్లే ఓపిక లేక ఎడమ చేత్తో టార్చి పట్టుకున్నాను. కుడి చేతిలో రెండో కేబుల్ సిద్ధంగా ఉంది. వంగి, బిరడాని పళ్లతో పట్టుకుని లాగాను.

వెచ్చగా ఉంది.

సర్వర్ వెనక భాగం వేడిగానే ఉంటుంది. కానీ ఇది ఆ వేడి కాదు. తడి వెచ్చదనం. బిరడా నాలుక మీద జిగటగా జారింది. రుచి తెలిసింది. పళ్ల సందున ఇరుక్కుని మూడు రోజులు కుళ్లిన మాంసం పీచు... దాని మీద విరిగిన పాలు... ఇంకెవరిదో నోరు. ఇంకో మాట దొరకడం లేదు. ఎవరో అప్పటిదాకా చప్పరించి నా నోట్లోకి తోసినట్టుంది.

ఉమ్మేశాను. బిరడా నేల మీద పడింది కానీ, దాన్నుంచి పోర్టుదాకా ఒక తీగ సాగి నిలబడింది. ఉమ్మి తీగ. టార్చి వెలుగులో మెరిసింది. మధ్యలో ఒక బుడగ. తీగ తెగలేదు. మెల్లగా పొట్టిదవుతూ పోర్టులోకి వెళ్లిపోయింది.

చొక్కా చేతితో నాలుక తుడుచుకున్నాను. ఎంత తుడిచినా ఆ జిగురు పోలేదు. టార్చి బిరడా మీద వేశాను. రబ్బరు మీద పళ్ల గాట్లు, పైవి ఆరు, కిందవి ఆరు. నావి కావు. నాకు ముందు పన్ను సగమే ఉంది. ఇవి నిండు పళ్లు. లోతుగా, ఒకే చోట మళ్లీ మళ్లీ కొరికిన పళ్లు.

సర్వర్లోంచి గాలి వెనక్కి కొట్టాలి, అన్ని సర్వర్లూ అంతే. నా మొహానికి వేడిగాలి తగలాలి. తగలడం లేదు. జేబులోంచి కాగితపు రుమాలు ముక్క చింపి పోర్టు ముందు పెట్టాను. చటుక్కున వెళ్లి అతుక్కుంది. నాలుగు సెకన్లకి వదిలింది. కాగితం చివర తడిసి పసుపు రంగుకి తిరిగింది. ఆ కంపు ఇప్పుడు రుచి కాదు, గాలి. పొద్దున్నే పళ్లు తోముకోని మనిషి మొహం మీదికి వంగి మాట్లాడితే వచ్చే గాలి.

కౌంటర్ వైపు చూశాను. నిమిషానికి ఇరవై రెండు. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఆరు.

రొప్పుతున్నది నేను.

నేను పీల్చినప్పుడల్లా ఒక అంకె పెరుగుతోంది. అలాంటివి పరీక్షించడమే కదా నా పని... ఊపిరి బిగబట్టాను. కౌంటర్ ఆగింది. పది సెకన్లు. ఇరవై. ఆగే ఉంది. ముప్ఫై.

కౌంటర్ ఒకటి పెరిగింది.

నేను పీల్చలేదు. నా ఛాతీ పైకి లేచింది.

ఇంకొకటి పెరిగింది. పక్కటెముకలు వాటంతటవే విచ్చుకున్నాయి. ఆ కుళ్లు గాలి గొంతులోంచి లోపలికి, ఇంకా లోపలికి దిగింది. వదలడం నా చేతిలో లేదు. అది లాగినప్పుడు వదిలాను. నేలంతా తడుముకుని బిరడా దొరికించుకుని పోర్టులోకి కుక్కాను. అది లోపలి నుంచి ఒకసారి బయటికి నెట్టింది. నాలుకతో నెట్టినట్టు, మెత్తగా. రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టాను.

వదిలింది. దగ్గుతూ కూలబడ్డాను. కౌంటర్ మళ్లీ నాలుగు సెకన్లకొకటి.

లైట్లు వెలిగాయి. తలుపు దగ్గర మార్లిస్, చేతిలో కాగితపు గిన్నె.

"మెత్తటి ముక్కలు ఏరి తెచ్చానోయ్. ఏమైంది, మొహం అలా ఉంది?"

"పన్ను," అన్నాను.

"అయ్యో. సరే, ఆ గడి సంగతి?"

ఇక్కడ నేను నిజం చెప్పొచ్చు. కర్టిస్ కూడా ఇలాగే ఈ మూల కూర్చుని ఉంటాడని, అందుకే ఆ రెండు మాటలు రాశాడని చెప్పొచ్చు. చెబితే రేపు విడుదల ఆగుతుంది, సోమవారానికి నా ఉద్యోగం ఉండదు. విరిగిన పన్ను అంచుని నాలుకతో తడిమాను. దాని మీద ఇంకా ఆ జిగురుంది.

"ప్రభావం లేదు," అన్నాను.

"నా బంగారం!"

ఆమె ఎదురుగానే గడి పచ్చ చేశాను. కర్టిస్ రాసిన ఉపాయం చెరిపేశాను. ఆ హాట్‌డిష్ తిన్నాను కూడా. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

సోమవారం పర్మనెంట్ అయ్యాను. ఫిబ్రవరి పదకొండున డాక్టర్ నా పన్నుకి తొడుగు వేసింది. అద్దంలో కొత్త వరస చూసుకుని కార్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

మార్చి మధ్యలో నలభై పెట్టెలు తిరిగొచ్చాయి. అప్పటికి నాలుగు వేల రెండు వందల కార్డులు వెళ్లాయి. ఈ నలభై మాత్రం సీలు కూడా చింపకుండా వెనక్కి పంపారు. కాగితం మీద కారణం ఒక్క ముక్క: కంపు.

టూ మొదటి పెట్టె తెరిచి ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఫ్యాక్టరీలో ఎవడో లంచ్ మర్చిపోయాడు." సంచి చింపి కార్డు పైకెత్తాడు. "ఒరేయ్ నోలన్, ఇటు చూడు. బిరడా తడిగా ఉంది. ఎవడో కొరికాడ్రా దీన్ని."

"నోట్లో పెట్టుకోకు," అన్నాను గుసగుసగా.

"నేనేం కుక్కనా?"

రెండో పోర్టు బిరడా మీద పైన ఆరు గాట్లు, కింద ఆరు. పైవాటిలో ముందుది సగమే పడింది.

టూని కాఫీకి పంపి మిగతావన్నీ నేనే విప్పాను. మార్లిస్ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి ఊపుకుంది. కాసేపు ఆలోచించి, "ముప్ఫై రెండో నంబరివ్వు. ప్యాకింగ్ వాసన. ప్రభావం లేదు," అంది. రాశాను.

ఆమె వెళ్లాక తయారీ తేదీలు చూశాను. ఎక్కడ అంకెలు కనిపించినా లెక్కపెట్టకుండా ఉండలేను. ముప్ఫై ఒక్క కార్డులు ఫిబ్రవరి పదకొండుకి ముందువి. వాటన్నిటి మీదా సగం పన్ను. తొమ్మిది కార్డులు ఆ తర్వాత చేసినవి. ఆ తొమ్మిదింటి మీదా నిండు వరస.

ఆ ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఎప్పుడూ వెళ్లలేదు.

మిగతా నాలుగు వేల నూట అరవై కార్డులు ఎక్కడెక్కడో సర్వర్ల వెనక ఉన్నాయి. వాటి ముందు ఎవరో ఒకరు వంగుతారు. వాళ్ల రెండు చేతులూ కేబుళ్లతో నిండి ఉంటాయి.

నేను మాత్రం రోజూ పొద్దున దవడ నొప్పితో లేస్తున్నాను. కొత్త తొడుగు సర్దుకునేదాకా అలాగే ఉంటుందంది డాక్టర్. నోట్లో రబ్బరు రుచి గురించి ఆమెకి చెప్పలేదు.