మూడో అంతస్తు బావ

"ఏటండీ, ఇంట్లో చెరువు గానీ తవ్వుతన్నారా? కింద మా వంటింట్లో వాన పడతన్నాది!"

షీబాతో స్టాన్లీ మాట్లాడిన మొదటి మాట ఇదే. శ్రీకాకుళంలో పేదలకిచ్చిన గవర్నమెంటు అపార్ట్‌మెంట్లలో అతనిది రెండో అంతస్తు, ఆమెది మూడోది.

"పైపు పగిలింది. ఇల్లు మా మావది. సెప్తే ఇనడు. మీరు బాగుసేత్తే మీ వంటింట్లో ఎండ కాస్తాది," అంది షీబా, చేతిలో బకెట్టుతో.

పైపుకి టేపు చుట్టి స్టాన్లీ కిందికొచ్చాడు. మనసు మాత్రం పైనే ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం ఆ మావ కొడుకు జేమ్స్ దిగాడు. స్నేహితులతో మెట్ల మీద సీసాలు పెట్టుకుని, స్పీకర్ మోగించాడు. ఆడవాళ్ళు పైకెళ్ళలేక కిందే ఆగిపోయారు.

"ఈ మెట్లు మీ నాన్నవా?" అని స్టాన్లీ గొడవకి దిగాడు.

"ఇల్లు మా నాన్నది. ఆ పిల్లనడుగు."

షీబా తలుపు తీసింది. "మా బావండీ. వదిలీండి," అంది నేల చూపులు చూస్తూ.

బావ! ఆ ముక్క స్టాన్లీకి చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. పార్కింగులో జేమ్స్ బండి కనిపిస్తే చాలు, ఒళ్ళు మండేది. ఆ వారం ఆ బండి టైర్లో గాలి రెండుసార్లు పోయింది. ఎలా పోయిందని మనం అడగొద్దు. అమ్మ కాంతం చేసిన పులుసుకి కూడా వంకలు పెట్టాడు.

"పులుసు బాగానే ఉన్నాది. నీకే ఏటో అయ్యింది," అందామె.

అయ్యింది కాబట్టే, మెట్ల మీద తాగుడు వీడియో తీసి మున్సిపాలిటీకి కంప్లైంట్ పెట్టాడు. కాలనీ బాగు కోసమని అందరికీ చెప్పాడు. అదంతా ఒట్టిది. జేమ్స్ మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు, అంతే.

మర్నాడు షీబా విసురుగా వచ్చింది. "ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"మీ బావ మీద ఈగ వాలనీవేటి?"

"బావా నేదు, గీవా నేదు! మేం అద్దెకున్నాం. ఈ ఇళ్ళు అద్దెకివ్వకూడదంట. ఎవులడిగినా మేనకోడలినని సెప్పమన్నాడు ఓనరు. రేపు ఆఫీసరు వస్తాది. నిజం తెలిస్తే ఆపరేషనయిన అమ్మని తీసుకుని నానెక్కడికి ఎల్లాల?"

బావ కాడన్న ఆనందం స్టాన్లీకి అరక్షణమే నిలిచింది. తర్వాత తన మీద తనకే అసహ్యమేసింది.

ఆఫీసరమ్మ వచ్చింది. మెట్లు చూసి, ఇంటి కాగితాలు అడిగి, గుమ్మంలో ఉన్న షీబా వైపు చూసింది. "ఈ అమ్మాయి ఎవరు?"

"మా మేనత్త కూతురండీ. నా మరదలు," అన్నాడు జేమ్స్ దర్జాగా.

ఆవిడ స్టాన్లీ వైపు తిరిగింది. "కంప్లైంట్ పెట్టింది మీరే కదా. నిజమేనా?"

అవునంటే షీబాకి ఇల్లు మిగులుతుంది. స్టాన్లీ ఆముదం తాగినట్టు మొహం పెట్టి, "అవునండీ... ఆయన మరదలే," అన్నాడు.

షీబా ఆ మొహాన్నే చూసింది. ఆ ఒక్క మాట అనడానికి అతనెంత చచ్చాడో ఆమెకి అర్థమైంది.

"కాదండీ. మేం అద్దెకున్నాం. పైపు బాగుసెయ్యమంటే కాళీ సెయ్యమంటారు. ఈయన తాగేసి మెట్ల మీద నాకు అడ్డం నిలబడతాడు. భయపడి ఇన్నాళ్ళూ బావన్నాను. ఇంక అనను."

ఓనరుకి నోటీసు రాశారు. జేమ్స్ స్పీకర్ చంకన పెట్టుకుని దిగిపోయాడు. కానీ నెలాఖరుకి షీబా వాళ్ళూ ఇల్లు ఖాళీ చెయ్యాలి.

అంతా వింటున్న కాంతం మెట్లెక్కి వచ్చింది. "మీ అమ్మకి నా గదిలో మంచమేస్తానమ్మా. అద్దెకి మాత్రం ఇవ్వను, రూలు ఒప్పదు. సొంత మనుసులయితే రావొచ్చు. వరసేటో మీరిద్దరూ తేల్చుకోండి."

"అమ్మా!" అని స్టాన్లీ నీళ్ళు నమిలాడు. తర్వాత ధైర్యం తెచ్చుకున్నాడు. "నువ్వు ఆడిని బావా అన్న కాడ్నించీ నాకు నిద్ర నేదు షీబా. నువ్వంటే నాకిష్టం."

"తెలుసు. బండికి గాలి తీసింది నువ్వే కదా? పైనుంచి సూసాను."

స్టాన్లీ చెవులు ఎర్రబడ్డాయి. షీబా నవ్వు ఆపుకుంటూ బకెట్టు అతని చేతికిచ్చింది.

"సామాన్లు దించవా... బావా?"

ఆ మాట ఇంకోసారి అనిపించుకోవాలని, స్టాన్లీ వినబడనట్టే నిలబడ్డాడు.