పూతలపట్టు కోల్డ్ స్టోరేజీ

మోహన ఇడ్లీలు దించి, కూతురు నందినికి క్యారియర్ కడుతుండగా పూతలపట్టు నుంచి తల్లి మునెమ్మ ఫోను చేసింది. కోల్డ్ స్టోరేజీకి విలువ కట్టడానికి ఇంజనీరు వస్తోందని, మోహన కూడా ఎదురుగా ఉంటే మేలని చెప్పింది. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "ఆడ గొడవ పడొద్దు పాపా," అంది.

మోహన మాట ఇవ్వలేదు. తిరుపతిలో బస్సెక్కి కూర్చున్నాక అన్నను ఏమేం అడగాలో మనసులో వరసగా పేర్చుకుంది.

గొడవ మొదలై ఏడాది అయింది. చింతపండు వ్యాపారం బాగా సాగిన రోజుల్లో నాయన మునిరామయ్య రోడ్డు పక్కన ఆ కోల్డ్ స్టోరేజీ కట్టించాడు. కిటికీ ఒక్కటీ లేని కట్టడం. చలి బయటికి పోకుండా రెండు వరసల గోడల మధ్య మందంగా థర్మోకోల్ అతికించారు. తర్వాత చిత్తూరులో పెద్దవి వచ్చాయి, సరుకంతా అటు మళ్లింది. మిషన్లు అమ్మేశారు, గోడలు మిగిలాయి. పొలం కొడుక్కి, రోడ్డు పక్కది కూతురికి అని ఆయన పోయే ముందు నోటిమాటగా అన్నాడు. రోడ్డు వెడల్పయ్యాక ఆ స్థలం బంగారమని ఊరంతా చెప్పుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి అన్న మునిప్రసాద్ నాయన అలా అనలేదంటున్నాడు. మోహన పుట్టింటికి రావడం మానేసింది.

ఆమె వెళ్లేసరికి ఇంజనీరు జాహ్నవి లోపల టేపు పెట్టి కొలుస్తోంది. బయట నీడలో మునిప్రసాద్, అతని భార్య కోమలి, తల్లి నిలబడి ఉన్నారు. అన్న పలకరించలేదు. మోహన నేరుగా అడిగేసింది.

"మంచం పక్కనే ఉన్నావు గదన్నా. నాయన చెప్పింది నీకు వినపడలేదా?"

"బోరు ఎండిపోయిన పొలం నాకు, రోడ్డు మీది స్థలం నీకా? చివరిదాకా ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టింది ఎవురు?"

ఆ మాట మోహనకు గుచ్చుకుంది. సెలవు దొరికినప్పుడల్లా తానూ వచ్చి చేశానని, లెక్కలు ఇంతదూరం వస్తాయని అనుకోలేదని అంది. కోమలి భర్త చెయ్యి పట్టి ఆపింది. అంతలో జాహ్నవి బయటికి వచ్చింది.

ఆమె నెమ్మదిగా వివరించింది. రోడ్డుకు పోగా మిగిలింది కట్టడం నిలిచినంత మేరే అయినా స్థలానికి ధర ఉంది. కానీ ఈ కట్టడం అంగడికీ, ఇంటికీ పనికిరాదు కాబట్టి కొనేవాళ్లు ఖాళీ స్థలమే అడుగుతారు. పైకప్పు ఆస్బెస్టాస్ రేకుల దుమ్ము ప్రమాదం కాబట్టి వాటిని ఎలా పడితే అలా పగలగొట్టి పారేయకూడదు. థర్మోకోల్ అతుక్కుపోయిన ఇటుకలు మళ్లీ అమ్ముడుపోవు.

"కూల్చి, ఎత్తిపోయించే ఖర్చు స్థలం ధరను మింగేస్తుంది. ఇంకా చేతినుంచే కొంత పడుతుంది," అంది.

స్థలం అమ్మి కడదామనుకున్న నందిని నర్సింగు ఫీజు మోహన కళ్లముందు మెదిలింది. ఆ వెనకే మరో భయం. సరే, నాయన నీకే ఇచ్చాడులే, తీసుకో అని అన్న ఇప్పుడు ఒక్కమాటంటే ఈ బరువంతా తన నెత్తినే. ఆ మాట ఎక్కడ అంటాడోనని ఆమె అతని మొహం వంక చూసింది.

మునిప్రసాద్ జాహ్నవి వైపు తిరిగాడు.

"మీ కాగితంలో దీన్ని నా పేరున రాయండి మేడం. పొలంలో సగం మా చెల్లెలికి పోతాది."

మోహన నమ్మలేక చూసింది.

"నాయన అన్నమాట నిజమే. నేను విన్నాను," అన్నాడు చెల్లెలితో. "రేటు పెరిగినాక విననట్టు ఉండిపోయినాను. లాభమున్నప్పుడు నాదని, ఇప్పుడు నీదని ఎట్ల చెప్పేది?"

నాయన తనకిచ్చింది తనకే ఉండనిమ్మని, పొలం ముక్కలు చేయొద్దని మోహన అంది. అతను వద్దన్నాడు. ఆమె కావాలంది. మునెమ్మ మెట్టుమీద చతికిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఏడాది పొడుగునా నాకంటే నాకని కొట్లాడినారు. ఇప్పుడు నీకొద్దంటే నీకొద్దని కొట్లాడతా ఉండారు. ఏదో ఒకటి తేల్చండి, నాకు ఆకలవతా ఉండాది."

జాహ్నవికి కూడా నవ్వొచ్చింది. అమ్మితేనే కూల్చాలి గానీ అమ్మకపోతే గోడలకేమీ భయం లేదంది. చల్లటి చీకటి గది కావలసిన పనేదైనా ఉంటే దీన్ని ఇలాగే వాడుకోవచ్చంది. అప్పటిదాకా నోరెత్తని కోమలి, ఇంటి వెనక పాకలో తాను పెంచే పుట్టగొడుగులు ఎండకు మాడిపోతున్నాయని, ఇక్కడైతే నిలుస్తాయేమోనని అంది. గాలి కోసం గోడకు రెండుమూడు కంతలు కొట్టిస్తే చాలని జాహ్నవి చెప్పింది.

"వదినా, నువ్వు పెంచు. తిరుపతిలో అమ్మిపెట్టేది నేను," అంది మోహన.

స్థలం ఇద్దరి పేరునా రాయించుకోవాలని అక్కడే అనుకున్నారు. ఇంటికెళ్లి రాగిసంకటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడితో కడుపునిండా తిన్నారు. భోజనమయ్యాక మోహన కాసేపని తల్లి చాపమీద నడుం వాల్చింది. గుండెల మీదనుంచి రాయి దించినట్టు ఒళ్లంతా తేలికైంది. కళ్లు మూతలు పడుతుండగా, బస్సుకు టైమైందని తనను లేపడానికి వస్తున్న వదిన అడుగుల చప్పుడు వినిపించింది. వెంటనే అన్న గొంతు.

"లేపొద్దు. పండుకోనీ. దీని వెనకాల ఇంకో బస్సుండాది."