మధ్యాహ్నం బస్సులు ఆపమన్నదెవరు?

"నా రీసెర్చ్ మీద మీకేం పగండీ?"

రవాణా శాఖలో ఫైళ్లకు నోట్ రాసే యువ అధికారి ఉలిక్కిపడి తలెత్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని 'డ్రాఫ్ట్' అని పిలుస్తారు. ఎదురుగా వానలో తడిసి వచ్చిన అమ్మాయి, కళ్లెర్రజేసి చూస్తోంది.

"మధ్యాహ్నం బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయని నా రిపోర్ట్ చూపించి, పన్నెండు రూట్లు రద్దు చేయమని రాశారట!"

"ఖాళీ అన్నది మీరే కదండీ?"

"తర్వాతి పేజీ తిప్పారా? ఎక్కే ఆ కొద్దిమందిలో సగం మంది డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు. వాళ్లకి ఇంకో దారి లేదనీ అన్నాను."

అతను సారాంశం దాటి చదివితే కదా!

"మంత్రిగారికి ఒక్క పేజీయే ఇవ్వాలండీ. మీది నూట నలభై."

"అయితే ఆ ఒక్కటీ కలిసి రాద్దాం. జరగండి."

అలా వారం రోజులు, రోజూ వచ్చింది.

"'బహుశా' ఎందుకు కొట్టేశారు?"

"అది చూస్తే మంత్రిగారు సంతకం పెట్టరు."

"నాకు తెలిసిందే అంత!" అని కసురుకునేది. మరుక్షణం అతని టీ కప్పు లాక్కుని తాగేసేది. కోపమో చనువో అతనికి అంతుపట్టలేదు.

ఇంట్లో అక్కని అడిగాడు. "తిడుతూనే రోజూ వస్తోందంటే అర్థమేంటక్కా?"

"ఆ పిల్లనే అడగరా, మొద్దూ!"

మీటింగ్‌లో మంత్రిగారు కొత్త పేజీ చదివి కనుబొమలు ముడిచారు. "రద్దు చేయమని మొన్న నువ్వే కదయ్యా రాశావు?"

"తప్పు నాదే సార్. పూర్తిగా చదవకుండా రాశాను."

మంత్రిగారు ఆ పేజీ మళ్లీ చదివారు. "ఆసుపత్రి వైపు వెళ్లే ఐదూ ఉంచండి. మిగతావి ఆపేయండి."

వరండాలో ఎదురుచూస్తున్న ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. అతనికి మళ్లీ అయోమయం.

"ఐదేననా?"

"అదీ ఉంది. కానీ... నేను రాసిన దాని కోసం ఒకరు మాట పడటం ఇదే మొదటిసారి."

"రేపట్నుంచి ఇక రారా?"

"పనైపోయిందిగా."

"పని లేకపోయినా రండి. మీరు రాకపోతే నాకు తోచదు. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ముఖంలోకి నవ్వు పాకింది.

"ఇప్పటికి తెలిసిందా? ఆ దిద్దుబాట్లన్నీ ఫోన్‌లో చెబితే సరిపోయేవి మహానుభావా! రోజూ మూడు బస్సులు మారి ఎందుకొచ్చాననుకున్నారు?"