మడ్డి లేని గ్లాసు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు ఇది.

గురువారం ఉదయం ఏడూ నలభైకి ఒక ఇంట్లో ముసలాయన కుర్చీలోనే ఒరిగి ప్రాణం విడిచాడు. ముక్కులోంచి నెత్తురు. పక్కన బల్ల మీద ఖాళీ గ్లాసు.

పోస్ట్‌మార్టంలో తేలింది మెదడులో రక్తస్రావమని. కీళ్ళనొప్పులకని ఆయన రోజూ తాగే వేరు పొడి సారం, రక్తంలో ఉండాల్సినదానికి పదింతలు ఉంది.

ఆ పొడి కలిపి ఇచ్చేది కోడలు. మూడేళ్ళుగా, రోజూ ఏడింటికి, రెండు చెంచాలు. ఇంకేముంది, విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఆడపడుచు అందుకుంది.

"మా నాన్నకి చాకిరీ చెయ్యలేక సీసాడు పొడీ పోసేసింది మేడమ్!"

"పోస్తే ఊరుకునేవారా వదినా? రెండు చెంచాలకే నన్ను ఉతికి ఆరేసేవారు" అంది కోడలు. చంకలో ఆర్నెల్ల పాప. ఆ సాయంత్రం తనను అరెస్టు చేస్తారని ఆమెకు తెలుసు. పాపను ఎవరి చేతిలో పెట్టాలో తెలియదు.

ఇన్‌స్పెక్టరమ్మ తలెత్తింది. "ఎందుకు తిట్టేవారు?"

"కరిగి చావదు మేడమ్ అది. అడుగున మడ్డి. 'బురద తాగిస్తున్నావే అమ్మాయ్' అనేవారు."

"గురువారం తిట్టారా?"

"లేదు. సోమవారం నుంచే తిట్టలేదు. ఓపిక లేదేమో అనుకున్నా."

ఇన్‌స్పెక్టరమ్మ సీలు వేసిన కవరు విప్పింది. ఆనాటి గ్లాసు. ఎవరూ కడగలేదు. అడుగున మడ్డి లేదు. ఆ రోజు అందరూ చూసిన గ్లాసే. పట్టించుకున్నవారు లేరు.

రెండు గ్లాసుల నీళ్ళు తెప్పించింది. కొట్టు నుంచి తెచ్చిన కొత్త పొట్లంలోని పొడి ఒకదానిలో, ఇంట్లో సీసాలోని పొడి రెండోదానిలో కలిపింది. మొదటిది బురద. రెండోది తేటగా కరిగిపోయింది.

మూలన కూర్చున్న కొడుకు వైపు తిరిగింది. అతనిది మందుల ల్యాబ్‌లో ఉద్యోగం.

"ఇదేమిటి?"

"కో-క్రిస్టల్" అన్నాడు. "నీళ్ళలో కరిగే ఇంకో పదార్థంతో కలిపి ఆ సారాన్ని ఒకే స్ఫటికంగా కడతాం. పాత పొడి తాగితే ఒంటికి పట్టేది చిటికెడే మేడమ్. మిగతాదంతా ఒంట పట్టకుండానే బయటికి పోతుంది. ఇది చాలామటుకు రక్తంలోకి వెళుతుంది."

"సీసాలో ఎప్పుడు పోశారు?"

"ఆదివారం మధ్యాహ్నం. నాన్న నొప్పి తగ్గితే చాలనుకున్నాను."

"మీ నాన్నగారు గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. దాని మీద, అదే పని చేసే ఈ సారం పదింతలు పడితే?"

అతను ముఖం కప్పుకున్నాడు. "మా ల్యాబ్‌లో దీన్ని ఎలుకల మీదే పరీక్షించాం, వాటికి ఆ మాత్ర ఇవ్వలేదు మేడమ్. నాకు తట్టలేదు."

"మీ ఆవిడకి ఎందుకు చెప్పలేదు?"

"పర్మిషన్ లేకుండా తెచ్చాను. బయటపడితే ఉద్యోగం పోతుంది."

కోడలు లేచి వచ్చి భర్త ముందు నిలబడింది. ఏడవలేదు.

"పొరపాటు ఎవరైనా చేస్తారండీ. మూడు రోజులుగా నన్ను హంతకురాలంటుంటే నేను వడ్డించిన అన్నం ఎలా తిన్నారు?"

పాపను ఎత్తుకుని, చెప్పులు వేసుకుని ఆమె వెళ్ళిపోయింది.

దీన్ని మరిచిపోకండి. సీసాలో మందు మార్చినవాడు చెంచా పట్టే మనిషికి ఒక్క మాట చెప్పాలని, నా మాటగా మీ ఇళ్ళలో చెప్పండి.