నల్ల క్లిప్పు, నాన్నగారి మీటరు

టెస్టింగ్ గదిలో అందరూ అతన్ని ఎర్రపెన్ను అని పిలిచేవారు. ఆరేళ్లలో అతను ఫెయిల్ అని రాసిన సర్క్యూట్ బోర్డు ఒక్కటి కూడా తిరిగి పాస్ కాలేదు. ఆ గర్వం అతనికి కాస్త ఉండేది, కాదనడం ఎందుకు? అందుకే ఆ మధ్యాహ్నం డిజైన్ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి తన బోర్డు తెచ్చి బల్ల మీద పెడితే, తలెత్తకుండానే, కారణం రిపోర్టులో ఉందన్నాడు.

"చదివానండి. నా బల్ల మీద ఒక మిల్లీయాంప్ కరెంటు వచ్చింది, మీ దగ్గర పది వచ్చింది. ఎలా వచ్చిందో చూడాలని ఉంది."

పోట్లాటకు సిద్ధమై ఉన్న మనిషికి ఇది కొత్త. తలెత్తాడు. బయట వాన. ఆమె జుట్టు మీద ఇంకా నాలుగు చినుకులున్నాయి. ఎర్రపెన్ను వాటిని లెక్కపెట్టాడంటే నమ్మాలి.

అది కొలిమి వేడిని కొలిచే పరికరం కోసం చేసిన ఫ్లోటింగ్ కరెంట్ సోర్స్. దాని రెండు కొసల్లో ఏదీ ఎర్త్‌కు కట్టి ఉండదు. ఆ కొసల మధ్య ఏ రెసిస్టర్ పెట్టినా అందులోంచి అంతే కరెంటు పంపాలి, ఒక మిల్లీయాంప్. నాలుగింటికి చీఫ్ ఆ రిపోర్టు మీద సంతకం పెడితే ఆమె మూడు నెలల కష్టం అటకెక్కినట్టే. అప్పటికి రెండున్నర దాటింది.

అతను మొదటినుంచీ చేసి చూపించాడు. రెసిస్టర్ బిగించాడు, కొలతను తెర మీద గీసి చూపే స్కోప్ తీగ ఒక కొసకు, దాని నల్ల క్లిప్పు రెండో కొసకు తగిలించాడు. ఆమె తెర వంక చూడలేదు, అతని చేతుల వంకే చూస్తోంది. ఆరేళ్లలో మొదటిసారి అతని చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపడింది.

"ఈ నల్ల క్లిప్పు అటువైపు ఎక్కడికి పోతుందండి?" అని అడిగింది.

స్కోప్‌లోకి, అన్నాడు. అక్కణ్నుంచి? ప్లగ్గుకి. ప్లగ్గులో మూడో పిన్నుకి. ఆ పిన్ను ఎర్త్‌కి. తీగ వెంట పోతున్న అతని వేలు అక్కడ ఆగిపోయింది.

కాలేజీ మొదటి ఏడాదిలో చదివిన సంగతే. చేతికి అలవాటైన పని కంటికి ఆనదు. ఆ క్లిప్పు వల్ల కరెంటుకు ఎర్త్‌లోకి అడ్డదారి దొరికింది. తాను పంపిన కరెంటు తిరిగి రాకపోయేసరికి, చాలలేదేమో అనుకుని సర్క్యూట్ ఇంకా ఇంకా నెట్టింది.

ఆమె సంచిలోంచి పాత ముల్లు మీటరు తీసింది. రేడియో మెకానిక్ అయిన వాళ్ల నాన్నది. గోడ ప్లగ్గు అక్కర్లేదు కాబట్టి ఎర్త్‌తోనూ దానికి పనిలేదు. క్లిప్పు తీసేసి మీటరు కలిపితే ముల్లు ఒకటి దగ్గర నిలిచింది. రెసిస్టర్ మార్చారు. ఒకటే. అయిదు రెట్లు పెద్దది పెట్టారు. అయినా ఒకటే. అతను చిన్నపిల్లాడిలా ఇంకోటి పెట్టి చూద్దామా అని నాలుగుసార్లు అడిగాడు. చివరికి ఉండబట్టలేక నల్ల క్లిప్పు మళ్లీ తగిలిస్తే ముల్లు ఎగిరి పది మీద పడింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. రిపోర్టు సంగతి ఆమె ఎత్తలేదు. అతనే లేచి చీఫ్ గదిలోకి వెళ్లాడు.

"తప్పింది బోర్డు కాదు సార్, నా టెస్టు. ఇలాంటివే ఇంతకుముందు రెండు ఫెయిల్ చేశాను. అవీ మళ్లీ చూస్తాను."

తను రాసిన ఫెయిల్‌ని ఆ ఎర్రపెన్నుతోనే కొట్టేశాడు. మనసు తేలికపడింది.

సాయంత్రం మీటరు తిరిగిస్తే ఆమె పుచ్చుకోలేదు. ఎవరు వాడితే వాళ్లే నాన్నకు తెచ్చివ్వాలని ఇంట్లో రూలుందంది.

"మీరు కూడా వాడారుగా?"

"నేను మోసుకొచ్చానంతే. ముల్లు ఎగరగొట్టింది మీరు."

ఆదివారం మీటరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. వాళ్ల నాన్న పెట్టె తెరిచి ముందు చూసింది మీటరు నాబ్‌నే. అది అన్నిటికన్నా పెద్ద వోల్టుల దగ్గర ఉంది.

"ఇలా తిప్పిపెట్టమని అమ్మాయి చెప్పిందా బాబూ?"

"లేదండి. తర్వాత వాడేవాళ్లు చూసుకోకుండా తగిలిస్తే లోపల తీగ కాలిపోతుందని నేనే..." అని ఆగాడు. "మీటరు ఇవ్వడానికి మాత్రమే రాలేదండి. మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. ముందు తనతో చెప్పాల్సింది."

"వినపడింది," అంది ఆమె గుమ్మం దగ్గర్నుంచి.

తండ్రి ఆమె వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అన్నాడు.

"నాకూ ఇష్టమే నాన్నా. కానీ కొన్నాళ్లు టెస్టు చేయాలి. రిపోర్టు మాత్రం నేనే రాస్తాను."

పెద్దాయన మీటరు పెట్టె మూత వేసి, దాన్ని మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు.

"అయితే ఇది నీ దగ్గరే ఉండనీ బాబూ. వచ్చే ఆదివారం తెచ్చివ్వు."