ముల్లు దించని గిన్నె

ముల్లు చప్పరించిన వంట ఎంగిలి అవుతుందా, కాదా? పదకొండేళ్ళుగా భ్రమరాంబను ఈ సందేహం వదలలేదు. కాకినాడలోని సవరణ గదిలో కూర్చున్నంతసేపూ దాన్ని పక్కన పెట్టి పనిచేయడం ఆమె అలవాటు చేసుకుంది.

తొమ్మిదింటికి తెర మీద తేడాలు మొదలయ్యాయి. అంతర్జాలంలో దొరికిన వంటపాఠాన్ని ఉన్నదున్నట్టు వండే ఇల్లు లేదు. పెద్దాపురంలో ఒకావిడ పనసపొట్టు కూరలో ఆవ రెట్టింపు చేసింది. తునిలో ఒకాయన టమాటా పప్పులో బెల్లం వేశాడు. గిన్నెలో దిగిన రుచిముల్లు నిమిషానికోసారి చప్పరించి ఆ సంగతి ఈ గదికి చేరవేస్తుంది. హాని లేకపోతే భ్రమరాంబ ‘చెల్లు’ నొక్కుతుంది. ఉంటే ‘కొట్టివేత’. కల్తీ నూనెకు ఊళ్ళకు ఊళ్ళే మంచం పట్టిన ఏడాది తర్వాత వచ్చిన ఏర్పాటు ఇది. ముల్లు దిగని గిన్నె కింద పొయ్యి వెలగదు.

పది కావస్తుండగా ఫోను మోగింది.

“అమ్మా, ఆత్రేయపురం నుంచి వర్ధనమ్మనండి. పొయ్యి ఆరిపోయిందండి. అరటికాయ కూర సగంలో ఉంది.”

భ్రమరాంబ ఆ ఇంటి చీటీ తెరిచింది. పాఠంలో మిరపకాయలున్న చోట మిరియాలు వేశారు. అది ఫరవాలేదు. కింద ఎర్రగీత: ముల్లు తీసివేత.

“ముల్లెందుకు తీశారండీ?”

“ఇవాళ మా ఆయన తద్దినమండి. భోక్తలు తినకుండా ఎవరూ రుచి చూడకూడదు కదా! మీ ముల్లు అందరికంటే ముందే నాకేస్తోంది.”

“అది యంత్రమండీ. దానికి నోరెక్కడిది?”

“నోరు లేనిదానికి ఉప్పెక్కువైందని ఎలా తెలుస్తోందమ్మా?”

భ్రమరాంబ మళ్ళీ ఎర్రగీత వంక చూసింది.

“ముల్లు పెట్టేయండి. ఇప్పుడే వెలిగిస్తాను.”

“పెట్టను. నాలుగేళ్ళు పెట్టి వండాను. నాలుగేళ్ళూ నా మనసు ఒప్పుకోలేదు. తిథి మళ్ళీ ఏడాదికి గాని రాదు. నాకు ఎనభై రెండమ్మా.”

పక్క కుర్చీలోంచి పర్యవేక్షకుడు గోవర్ధనరావు తల తిప్పాడు. “ఈవిడకి వదిలేస్తే రేపట్నుంచి అందరిళ్ళలోనూ రోజూ తద్దినాలేనండి,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “ముల్లు లేని గిన్నెలో ఏముందో మనకెలా తెలుస్తుంది?”

“తిన్నవాళ్ళకి తెలుస్తుందండి.”

“తెలిసేసరికి ఆస్పత్రిలో ఉంటారు. మా పిన్ని అలాగే పోయింది.”

అతని మాట తప్పని ఆమె అనుకోలేదు. తన ఇంట్లో మామగారి తద్దినానికి తనూ ముల్లు దించే వండుతోంది. మొదటి ఏడు అత్తగారు కామేశ్వరమ్మ గిన్నెలోకి తొంగి చూసి, “ఇది ఎంగిలి కాదుటే?” అని అడిగింది. “కనుక్కుని రేపు చెప్తానత్తయ్యా,” అంది తను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఏటా ఆ రోజు వంటింటి గడప దాటి లోపలికి రావడం మాత్రం మానేసింది. అడిగి పోట్లాడినా బాగుండేదని భ్రమరాంబకు చాలాసార్లు అనిపించింది.

ఎర్రగీతకు ‘చెల్లు’ పడదు. పడాలంటే పొయ్యిలన్నీ అనుసరించే మూలపాఠమే మారాలి. భ్రమరాంబ మనసులో దేవుణ్ణి తలుచుకుని మూలపాఠం తెరిచింది. అరటికాయ కూర కింద ఒక వాక్యం రాసింది: ‘తద్దినానికైతే ముల్లు దించవద్దు. వండినవారు తమ పేరు రాసి పూచీ పడాలి.’

“ఇది ఒక్క ఇంటికి పోదండి! అన్ని పొయ్యిలకీ పోతుంది,” గోవర్ధనరావు లేచి నిలబడ్డాడు.

“తెలుసండి.”

ఆమె మీట నొక్కింది.

“పేరు రాయగానే వెలిగిందమ్మా,” అంది ఫోనులో వర్ధనమ్మ. కూర చిటపటలు వినిపించాయి. వెంటనే పెట్టేసింది.

పాఠం మారిందని పొయ్యిలు చదివి వినిపించినట్టున్నాయి. తెర మీద అమలాపురంలో ఒక గడి ఖాళీ అయింది. తర్వాత పాలకొల్లులో రెండు, మండపేటలో అయిదు. రుచి అంకెలు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఒక్కో ఖాళీ పక్కన ఒక పేరు పడుతోంది. మధ్యాహ్నానికి మూడొందలు దాటాయి.

“ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారండీ?” అన్నాడు గోవర్ధనరావు. పైవాళ్ళకు చెప్పడానికి ఫోను తీశాడు గానీ, తెర మీద పడుతున్న పేర్లు చదువుతూ నిలబడ్డాడు.

భ్రమరాంబ ఇంటికి ఫోను చేసింది.

“అత్తయ్యా, పదకొండేళ్ళ కిందట మీరొకటి అడిగారు. రేపు చెప్తానన్నాను.”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“గుర్తుందటే నీకు?”

“ఎంగిలేనండి,” అంది భ్రమరాంబ.