నైరృతి పీఠం

ఆషాఢ అమావాస్య... బుధవారం... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! రాహుకాలం కోరలు చాచిన ఘడియ!

కాటుక మేఘాలు నాంపల్లిని కమ్మేశాయి. పట్టపగలే స్టేషన్ ముందు ఆటోలు లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. ఫెళఫెళమని ఉరిమింది ఆకాశం... ఆ ఉరుముకు స్టేషన్ రోడ్డు పక్క సందులోని పాత నాలుగంతస్తుల భవనం కిటికీలు గడగడలాడాయి. మెట్ల దగ్గరి వెంటిలేటర్‌లో, పగటిపూట ఎవరి కంటా పడకూడని గుడ్లగూబ ఒకటి గుండెలవిసేలా కూసింది!

మెట్లెక్కుతున్న అనురాధ ఆగి తలెత్తి చూసింది. చంకలో డ్రాయింగుల చుట్ట, భుజాన బరువైన సంచి, నుదుటి మీద చెమట.

"నువ్వొక్కదానివే తక్కువున్నవ్ ఇయ్యాల," అంది విసుగ్గా.

భయపడాల్సిన చోట విసుక్కునే స్థితికి మనిషి ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. చిన్న ఇంటీరియర్ ఆఫీసులో ఐదేళ్ళు పనిచేస్తే తప్పకుండా వస్తుంది!

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో, మూడో అంతస్తులో 'చతురస్ర ఇంటీరియర్స్' ఉంది. నలుగురు మనుషులు, మూడు కంప్యూటర్లు, ఎక్కడ కాలు పెట్టినా జారిపడే లామినేట్ శాంపిళ్ళు. ఊరి జనం ఇళ్ళన్నీ అందంగా తీర్చే ఆ ఆఫీసులో ఫ్యాను తిరిగితే సీలింగు పెచ్చులు టీలో పడతాయి. యజమాని రవిచంద్రకు తెలిసిన మంత్రం ఒక్కటే... "హండ్రెడ్ పర్సెంట్!" గోడ జరపమన్నా, జరిపిన గోడను మళ్ళీ వెనక్కి జరపమన్నా, క్లయింటుకు ఆయన జవాబు అదే. మాట ఆయనది, చాకిరీ అనురాధది. "అంతా బాగుందమ్మా, కానీ ఏదో తక్కువైంది" అని ఒక క్లయింటు అంటాడు. ఆ 'ఏదో' ఏమిటో బ్రహ్మకు కూడా తెలియదు. అది దొరికేదాకా ఈమె గీస్తూనే ఉండాలి.

వాటన్నిటికంటే అనురాధ ఒళ్ళు మండేది ఒక బాణం గుర్తు చూస్తే. ఉత్తరం ఎటో చూపించే బాణం. ఎప్పుడో మొదటి పనికి రవిచంద్ర కంప్యూటర్లో ఒక నమూనా షీటు తయారుచేశాడు. అందులో బాణం నిట్టనిలువుగా పైకి ఉంది. ఆనాటి నుంచి ప్రతి డ్రాయింగూ ఆ షీటు మీదే గీశారు. ఇల్లు ఏ ముఖంగా ఉన్నా సరే, బాణం మాత్రం పైకే!

"సార్, సైటుకు పోయి ఉత్తరం చూసి పెట్టాలె సార్. గిట్ల అన్నిటికీ ఒకటే పెడితే ఎట్ల?" అని ఆమె ఐదేళ్ళుగా మొత్తుకుంటోంది.

"ఉత్తరం పైననే ఉంటదమ్మా. చిన్నప్పుడు మ్యాపుల చూడలేదా? ఎవరు అడుగుతరు అది!" అనేవాడు రవిచంద్ర. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

అలాంటి ఆఫీసు మెట్లెక్కి, మూడు నెలల కిందట వచ్చాడు అంజన్ స్వామి!

ఆరడుగుల మనిషి. నిప్పు కణికల్లాంటి నేత్రాలు! మెడలో ఎముకల మాల! అతను కాలు పెట్టగానే మూడు కంప్యూటర్లూ ఒక్కసారి ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకున్నారు అందరూ. నాంపల్లిలో ఒక హాలు తీసుకున్నాననీ, దాన్ని 'జ్యోతిష పీఠం'గా మార్చాలనీ అన్నాడు. తనకొక దీక్ష ఉందట. పని పూర్తయ్యేదాకా ఆ హాల్లో తన పాదం పడకూడదు, పూజ ముగిసేదాకా ఇనుము ముట్టకూడదు.

"నేను చూడను. మీ డ్రాయింగే నా కన్ను," అన్నాడు గంభీరంగా. "ఈశాన్యంలో నా పీఠం... నైరృతిలో ఇంకొక పీఠం. కిటికీలన్నీ మూసెయ్యాలి. గోడలో తలకాయ పట్టేంత గూడు... నేల మీద ఎర్రరాయితో, నల్లరాయితో షట్కోణం... దిక్కులు వెంట్రుకవాసి తప్పకూడదు!"

"హండ్రెడ్ పర్సెంట్ స్వామీ!" అన్నాడు రవిచంద్ర.

తలకాయ పట్టే గూడు ఎందుకని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! బాత్రూంలో ఊయల అడిగినవాళ్ళనూ, మంచం నెత్తిన అద్దం అడిగినవాళ్ళనూ చూసి చూసి ఆ ఆఫీసులో 'ఎందుకు' అన్న మాటే చచ్చిపోయింది. అనురాధ నోట్‌బుక్ తీసి, "గూట్లో లైటు పసుపు రంగుదా, తెలుపుదా స్వామీ?" అని మాత్రం అడిగింది.

"వెలుగు అక్కరలేదు," అన్నాడతను నవ్వి. తర్వాత గది చుట్టూ చూసి అడిగాడు. "ఆ హాలు కొలవబోయే చేయి ఎవరిది?"

మూల కుర్చీలో ఉన్న జిప్పోరా చేయెత్తింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. సైటు కొలవడం, గదులు కట్టకముందే కంప్యూటర్ మీద బొమ్మకట్టి చూపించడం ఆమె పని. మెదక్‌లో చర్చి పక్క ఇల్లు. ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ, హాస్టల్ గదిలో చోటిచ్చిందీ అనురాధే. "నా బిడ్డ నీ చేతుల పెడుతున్న బిడ్డా," అని తల్లి ఆగ్నెస్ అంటే, "ఫికర్ చెయ్యకున్రి ఆంటీ, నా చెల్లె లెక్క," అని మాటిచ్చింది.

స్వామి జిప్పోరా చేతిలోని కొలతల గుడ్డటేపు అడిగి తీసుకున్నాడు. దానికి ఏడు ముళ్ళు వేసి జోలెలో పెట్టుకున్నాడు. క్లయింటు కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి మొదలైంది వినాశనం!

ఒక ప్లాను పంపితే ఇంకొక మార్పు. పీఠం ఒక అంగుళం జరపాలి. గూడు అర అంగుళం దించాలి. నాలుగో ప్లాను, ఏడో ప్లాను, పదకొండో ప్లాను... ప్రతి మార్పుకూ జిప్పోరా ఒంట్లోంచి ఎవరో దోసెడు నెత్తురు తోడుకుంటున్నట్టు పాలిపోయింది. ఆమె కట్టిన బొమ్మల్లో నైరృతి మూల ఒక ఆడ నీడ కూర్చుని కనబడేది. ఎవరు పెట్టారో తెలియదు. తుడిచేస్తే మరుసటి బొమ్మలో మళ్ళీ అక్కడే... కొంచెం తలెత్తి! పదిహేనో ప్లాను నాటికి ఆ నీడకు ముఖం వచ్చింది. అది జిప్పోరా ముఖం!

"అక్కా... నాకు నేను కనవడ్తున్ననే గందుట్ల," అంది ఆ పిల్ల వణికిపోతూ. మరుక్షణం ఆమె గొంతులోంచి ముసలి మగగొంతు ఒకటి గురగురలాడింది. "ఇంకొక అంగుళం... ఇంకొక్క అంగుళం!"

అనురాధ పరుగున వెళ్ళి రవిచంద్రకు చెప్పింది. "పని ఒత్తిడమ్మా. పదిహేడో ప్లాను అప్రూవ్ అయినంక రెండు రోజులు లీవిద్దాం," అన్నాడాయన.

అదే వారం ఇంకొకటి జరిగింది. కిటికీలు మూయించే ముందు అనురాధ సాయంత్రం పూట సైటుకు వెళ్ళింది. డ్రాయింగులో తూర్పు అని రాసిన కిటికీలోంచి పొద్దుగూకే ఎండ లోపలికి పడుతోంది! గతుక్కుమంది. ఫోనులో దిక్సూచి తెరిచింది. తమ బాణం ఉత్తరమని చూపించేది అసలు దక్షిణం! హాలు మొత్తం తలకిందులు!

"నోరు మూసుకోమ్మా తల్లీ!" అని రెండు చేతులూ జోడించాడు రవిచంద్ర. "ఇప్పుడు చెప్తే పద్దెనిమిదో ప్లాను అడుగుతడు. ఆయనకు కనవడ్తదా ఏంది? కిటికీలే లేకపాయె!"

తప్పు తెలిసీ నోరు మూసుకోవడం అనురాధకు ముద్ద మింగుడుపడకుండా చేసింది. క్లయింటుకు అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఐదేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. అందుకే ఐదేళ్ళూ తిట్లు తింది.

ఈరోజు పొద్దున్న హాస్టల్‌లో జిప్పోరా మంచం ఖాళీగా ఉంది. చెప్పులు ఉన్నాయి, ఫోను ఉంది, మనిషి లేదు. ఆఫీసుకు పరిగెత్తితే రవిచంద్ర చల్లగా చెప్పాడు. "స్వామి పిలిస్తే సైటుకు పోయిందట. గీసిన మనిషి ఉండాల్నట పూజల. నువ్వు కూడా పోయి పదిహేడో ప్లాను మీద సంతకం పట్టుకరా."

అలా వచ్చింది అనురాధ ఈ మెట్ల మీదికి.

నాలుగో అంతస్తు తలుపు దానంతట అదే తెరుచుకుంది... కిర్ర్ర్ మంటూ!

లోపల కటిక చీకటి. షట్కోణం మధ్య ఆముదపు దీపం ఒక్కటే. గూట్లో... ఆమె మిల్లీమీటర్లతో సహా గీసిన ఆ గూట్లో... నెత్తుటి బొట్లతో మానవ కపాలం! అప్పుడర్థమైంది అనురాధకు తాను మూడు నెలలుగా ఏం గీసిందో.

ఒక పీఠం మీద అంజన్ స్వామి. ఎదుటి మూల పీఠం మీద జుట్టు విరబోసుకుని జిప్పోరా! తెల్లగుడ్లు పైకి తేలిపోయాయి. ఏడు ముళ్ళ గుడ్డటేపు మెడకు చుట్టుకుని, ఒక్కొక్క అంగుళం దానంతట అదే బిగుసుకుంటోంది!

"జిప్పోరా!" అని కేక పెట్టి ముందుకురికింది అనురాధ. స్వామి చిటికె వేశాడు. ఆమె పాదాలు గడప దగ్గరే నేలకు అతుక్కుపోయాయి!

"కదిలితే భస్మం చేస్తాను!" ఆ గర్జనకు గోడలు కంపించాయి. "నైరృతి రాక్షసుల మూల! ఆ మూల కూర్చున్న ప్రాణిని ఆరగించి, క్షుద్రశక్తి ఈ క్షణం నాకు దాసి అవుతుంది! ఇక ఈ మహానగరంలో ప్రతి గడపా నా కాళ్ళ కిందే!"

హ్రీం... హూం... ఫట్! మంత్రాలు బుసలు కొడుతున్నాయి. కపాలం కనుగుంటల్లోంచి నల్లని పొగ పాములా జారింది. జిప్పోరా ఎగశ్వాస తీస్తోంది... "అక్కా..." అన్న మాట గాలిలా వచ్చింది.

అంతలో దీపం వాలింది. జిప్పోరా వైపు కాదు... స్వామి వైపు!

స్వామి భృకుటి ముడిపడింది. మంత్రం ఆగింది. మళ్ళీ జపించాడు. జ్వాల మరింతగా అతని వైపే నాలుక చాచింది.

"ఏమిటీ విపరీతం! ఏయ్ పిల్లా! మీ డ్రాయింగులో ఉత్తరం సరిగ్గానే ఉందా? నిజం చెప్పు!"

ఐదేళ్ళుగా అనురాధ ఎదురుచూసిన ప్రశ్న! ఒక్క మనిషైనా అడగాలని ఆమె కోరుకున్న ప్రశ్న! 'లేదు స్వామీ, తప్పుంది' అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. ఆ క్షణంలోనే ఆమె మెదడు హాలును గిర్రున తిప్పి చూసింది. ఉత్తరం దక్షిణమైతే... నైరృతి ఈశాన్యమవుతుంది. జిప్పోరా కూర్చున్నది ఈశ్వరుడి మూల. రాక్షసుల మూల కూర్చున్నది ఇతనే! నిజం చెప్తే ఇతను లేచి పీఠాలు మార్చేస్తాడు. ఆ పిల్ల ప్రాణం తన ఒక్క మాటలో ఉంది.

జీవితంలో మొదటిసారి క్లయింటుకు అబద్ధం చెప్పబోతూ, అనురాధ చిరునవ్వు నవ్వింది.

"హండ్రెడ్ పర్సెంట్ స్వామీ!"

చేతిలోని చుట్ట విప్పి అతని ముందుకు విసిరింది. "పదిహేడో ప్లాను. 'దిక్కులన్నీ సమ్మతమే, ఇక మార్పుల్లేవు' అని కింద రాసి ఉంది. సంతకం పెట్టున్రి."

కలం ములుకు ఇనుము. దీక్షలో ముట్టరాదు. స్వామి పళ్ళు పటపట కొరికి, బొటనవేలు కొరికి, నెత్తుటితో సంతకం గీశాడు. ఆ ఎర్రని గీత సంకల్పంగా మారి, కాగితం మీంచి నేల మీది షట్కోణంలోకి నిప్పులా పాకింది.

"నైరృతిలో ఉన్న ప్రాణిని స్వీకరించు!" అని దిక్కులు పిక్కటిల్లేలా అరిచాడు.

నల్లని పొగ జిప్పోరా పీఠం అంచు తాకింది. తాకీ తాకగానే ఫెళ్ళుమని పిడుగు! మూసేసిన కిటికీ ప్లైవుడ్ ముక్కలై ఎగిరిపోయింది. మేఘం చీలి, భగభగలాడే ఎండ ఆ మూల మీద త్రిశూలంలా దిగబడింది! ఈశానుడు కొలువున్న మూల... క్షుద్రం నిలవగలదా? పొగ గిలగిల్లాడింది, వెనుదిరిగింది, కోరలు తెరిచి స్వామి మీదికి లేచింది!

"ఏయ్! ఆగు! ఇది... ఇది ఏ దిక్కే?!"

"నైరృతి స్వామీ," అంది అనురాధ. "నెల సంది ఎర్కే నాకు."

"మార్చు! మార్చు! పీఠం మార్చు!"

"అప్రూవ్ అయినంక మార్పులుండయ్!"

అతని కేక మధ్యలోనే తెగిపోయింది. కాళ్ళ నుంచి తల దాకా నల్లని మంట ఎగబాకి, కపాలంతో సహా అంజన్ స్వామి పిడికెడు బూడిదై, సైటు వడ్రంగి ఎల్లేష్ మేస్త్రీ నాలుగుసార్లు ఊడదీసి నాలుగుసార్లు బిగించిన ఆ పీఠం మీద రాలాడు. పీఠం మీద గీత కూడా పడలేదు.

టేపు ముళ్ళు విడిపోయాయి. అనురాధ పాదాలు కదిలాయి. పరిగెత్తి ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని బోరుమంది. మూడు నెలల కోపం, భయం, చేతకానితనం అన్నీ కన్నీళ్ళై పోయాయి.

"అక్కా... జర ఆకలైతుంది," అంది జిప్పోరా కళ్ళు నులుముకుంటూ, తన గొంతుతో.

బయట వాన మొదలైంది. ఇద్దరూ స్టేషన్ ఎదుటి హోటల్లో కడుపునిండా తిని, తడుస్తూ అబిడ్స్ దాకా నడిచారు. అనురాధ తిన్నగా తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, ఆఫీసు షీటు తెరిచి, పైకి చూస్తున్న ఆ బాణాన్ని పట్టి తుడిచేసింది.

రవిచంద్ర వెనక నుంచి తొంగిచూశాడు. "సంతకం అయిందా? అయితే అది ఎందుకు తీస్తున్నవమ్మా? ఇన్నేండ్లల్ల ఒక్కరన్న అడిగిన్రా ఉత్తరం ఎటు అని?"

అనురాధ తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"ఇయ్యాల ఒకాయన అడిగిండు సార్."